డైపర్, ప్యాడ్ లోపలి కోర్‌ను చేత్తో తయారు చేసి పరీక్షించడం ఎలా?

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం రెండే రెండు. "సాప్ ఎంత వేయాలి?" అన్నది మొదటిది (సాప్ అంటే ద్రవాన్ని పీల్చి జెల్‌లా ఉబ్బే పాలిమర్ పలుకులు). "సాప్ బాగానే వేశాం, అయినా పక్కల నుంచి కారుతోంది, ఎందుకు?" అన్నది రెండోది. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు ఈసారి పని మొత్తం మొదటి నుంచి చివరి దాకా ఒకచోట పెడుతున్నాను.

కోర్‌ను నీళ్లు పట్టే కుండలా చూడకండి. దానికి మూడు పనులున్నాయి. పడిన ద్రవాన్ని వెంటనే లోపలికి తీసుకోవాలి. పడిన చోటే నిలవనీయకుండా పొడవునా పంచాలి. పైన మనిషి కూర్చున్నా వదలకుండా పట్టి ఉంచాలి. సాప్ చేసేది మూడో పని ఒక్కటే. మొదటి రెండు పనులూ పీచుల మధ్య ఉండే ఖాళీలు చేస్తాయి. కారిన నమూనాలను కోసి చూసినప్పుడు ఎక్కువ సార్లు నాకు కనబడింది ఒకటే: మధ్యలో ఉబ్బిన జెల్, రెండు చివర్లా పొడి దూది. అంటే అది నిండి కారలేదు. ద్రవానికి దారి లేక కారింది.

ఇక్కడ మనం చేయబోయేది మూత్రం కోసం వాడే డైపర్ తరహా కోర్. 10 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవు. 60 మి.లీ. చొప్పున మూడుసార్లు పోస్తే 180 మి.లీ. పట్టాలి. నెలసరి ప్యాడ్‌కు ఏమేం మారతాయో చివర్లో చెబుతాను. లోపల పెట్టుకునే టాంపన్‌లకు మాత్రం ఈ పద్ధతి వాడకండి. ఎక్కువగా పీల్చే టాంపన్‌లకూ టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌కూ (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు) సంబంధం ఉందని 1980 ప్రాంతంలో అమెరికాలో బయటపడింది. ప్రాణాలు పోయాయి. అది వేరే నిబంధనలున్న వేరే పని.

కావలసినవి

- సాప్, అంటే సూపర్ అబ్సార్బెంట్ పాలిమర్: 100 గ్రాములు. డైపర్లలో వాడే సోడియం పాలీయాక్రిలేట్ రకమే తీసుకోండి. మొక్కల కుండీలకు అమ్మే జెల్ పలుకులు దీనికి పనికిరావు.
- ఫ్లఫ్ పల్ప్: 200 గ్రాములు. పైన్ చెట్ల పొడవాటి పీచుతో తయారై షీట్ రూపంలో వస్తుంది.
- టాప్‌షీట్, అంటే చర్మానికి తగిలే పై పొర: నీటిని తీసుకునేలా పూత వేసిన స్పన్‌బాండ్ నాన్‌వోవెన్ (నేయకుండా పీచును అతికించి చేసిన బట్ట), 12 నుంచి 20 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు).
- ఏడీఎల్: టాప్‌షీట్‌కూ కోర్‌కూ మధ్య ఉండే మెత్తటి, గుల్ల పొర, 40 నుంచి 60 జీఎస్ఎం.
- కోర్‌ను చుట్టడానికి పలుచటి టిష్యూ, కింద వేయడానికి పాలిథిన్ ఫిల్మ్, సన్నటి డబుల్ సైడ్ టేప్.
- 0.01 గ్రా. వరకు చూపే తక్కెడ (0.001 వరకు చూపితే ఇంకా మంచిది), స్టాప్‌వాచ్, కొలజాడీ, ఫిల్టర్ పేపర్లు, వేడితో అంటుకునే టీ బ్యాగులు.
- 10×10 సెం.మీ. అక్రిలిక్ పలకలు రెండు. ఒకదానికి మధ్యలో 5 సెం.మీ. రంధ్రం చేసి, అందులో నిలువుగా గొట్టం బిగించాలి.
- బరువులు, శుద్ధమైన సోడియం క్లోరైడ్, డిస్టిల్డ్ వాటర్.
- అడుగున జాలీ ఉన్న 10×30 సెం.మీ. చెక్కపెట్టె, దాని కింద గాలి లాగడానికి వ్యాక్యూమ్ క్లీనర్.
- సెంట్రిఫ్యూజ్ దొరికితే చాలా మేలు. దొరకకపోతే ఏం చేయాలో కింద చెప్పాను.

జాగ్రత్త: సాప్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. డబ్బా తెరిచే ముందే మాస్క్, కళ్లద్దాలు పెట్టుకోండి. నేల మీద ఒలికితే తడిగుడ్డతో తుడవకండి, జారుడు బండలా తయారవుతుంది. పొడిగా ఊడ్చేయండి. అప్పటికే తడిసి జెల్ అయిపోతే పైన ఉప్పు చల్లండి. జెల్ నీరు వదిలి కుంచించుకుపోతుంది, అప్పుడు ఎత్తి చెత్తలో వేయొచ్చు. సింకులో గానీ టాయిలెట్‌లో గానీ పోయవద్దు, పైపు మూసుకుపోతుంది.

1. ఏం కావాలో కాగితం మీద రాసుకోండి

"బాగా పీల్చాలి" అని రాస్తే లాభం లేదు. అంకెలు రాయండి. ఎన్నిసార్లు, ఎంతెంత, ఎంత వ్యవధిలో, ఎంత బరువు కింద. మన లెక్క: 60 మి.లీ. మూడుసార్లు, పది నిమిషాల తేడాతో. పోసేటప్పుడు 2.07 కిలోపాస్కల్స్, తడి వెనక్కి వస్తుందా అని చూసేటప్పుడు 4.83 కిలోపాస్కల్స్ ఒత్తిడి. ఇవి పరిశ్రమలో 0.3 పీఎస్ఐ, 0.7 పీఎస్ఐ అని వాడే ఒత్తిళ్లే. 10×10 సెం.మీ. పలక మీద మొదటిదానికి 2.1 కిలోలు, రెండోదానికి 4.9 కిలోలు పెడితే సరిపోతుంది. రంధ్రమున్న పలకకు మిగిలే వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లే కాబట్టి 2.07 కిలోపాస్కల్స్‌కు 1.7 కిలోలు చాలు. పలక, గొట్టం బరువు కూడా అందులోనే కలపాలి. ఈ చిన్న లెక్క తప్పి, పోల్చకూడని ఫలితాలను పోల్చుకుంటూ వారాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

2. ఉప్పునీళ్లు కలపండి

లీటరు ద్రావణంలో 9 గ్రాముల సోడియం క్లోరైడ్ ఉండాలి. అంటే 0.9 శాతం. కండక్టివిటీ మీటర్ ఉంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 16 మిల్లీసీమెన్స్ చూపాలి.

ఉత్త నీళ్లతో పరీక్షిస్తే సాప్ తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చినట్టు కనబడుతుంది. ప్రకటనల్లో చూపించే అంకె అదే. ఉప్పునీళ్లలో అదే సాప్ స్వేచ్ఛగా ఉబ్బినా 50, 60 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి మనకు పనికొచ్చే అంకె ఇదే. కుళాయి నీళ్లతో ఉప్పు కలపడం ఇంకో తప్పు. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సాప్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడేస్తాయి, అది ఉబ్బాల్సినంత ఉబ్బదు. ఈ రోజు వచ్చిన ఫలితం రేపు రాకపోతే ముందు నీళ్లను అనుమానించండి.

ద్రవం ఎంత దూరం పాకిందో చూడటానికి రెండు చుక్కల ఫుడ్ కలర్ కలపొచ్చు. గది ఉష్ణోగ్రత 23 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. అది వీలు కాకపోయినా, పోల్చాలనుకున్న నమూనాలన్నిటినీ ఒకే రోజు, ఒకే గదిలో పరీక్షించండి.

3. ముందు సాప్ సంగతి తేల్చుకోండి

సంచీ మీది అంకె నమ్మి పని మొదలుపెట్టకండి. మూడు పరీక్షలు చేయాలి. వీటికి ఐఎస్‌ఓ 17190 శ్రేణిలో ప్రామాణిక పద్ధతులున్నాయి. ఇక్కడ వాటి సారం చెబుతాను.

మొదటిది టీ బ్యాగు పరీక్ష. 0.2 గ్రాముల సాప్‌ను టీ బ్యాగులో వేసి అంటించి, ఉప్పునీళ్లలో అరగంట నానబెట్టండి. తీసి పది నిమిషాలు మూల నుంచి వేలాడదీసి తూచండి. సాప్ లేని ఖాళీ బ్యాగును కూడా ఇలాగే నానబెట్టి, ఆ బరువునూ పొడి సాప్ బరువునూ తీసేయాలి. మిగిలినదాన్ని పొడి సాప్ బరువుతో భాగిస్తే గ్రాముకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. కనీసం మూడు బ్యాగులు చేసి సగటు తీయండి. 0.2 గ్రాములు చాలా తక్కువ కాబట్టి 0.01 వరకే చూపే తక్కెడ అయితే ఐదారు చేయండి.

రెండోది నిలుపుదల, అంటే సీఆర్‌సీ. అలా నానిన బ్యాగులనే సెంట్రిఫ్యూజ్‌లో 250 జీ (గురుత్వాకర్షణకు 250 రెట్లు) బలంతో మూడు నిమిషాలు తిప్పి తూచాలి. వ్యాసార్ధం 10 సెం.మీ. ఉంటే నిమిషానికి సుమారు 1,500 చుట్లు, 20 సెం.మీ. ఉంటే 1,060 చుట్లు కావాలి. డైపర్ సాప్‌కు సాధారణంగా 25 నుంచి 40 మధ్య వస్తుంది. సెంట్రిఫ్యూజ్ లేకపోతే నానిన బ్యాగును ఫిల్టర్ పేపర్ల మధ్య 4.9 కిలోల పలక కింద ఐదు నిమిషాలు ఉంచి తూచండి. ఇది సీఆర్‌సీకి సమానం కాదు, దానికి ఆ పేరు పెట్టొద్దు. రెండు సాప్‌లలో ఏది మేలో మాత్రం చెబుతుంది.

మూడోది బరువు కింద పీల్చడం. ఎక్కువమంది చేయకుండా వదిలేసేది ఇదే, కోర్ బాగోగులు తేల్చేదీ ఇదే. అడుగున సన్నటి జాలీ ఉన్న 6 సెం.మీ. వ్యాసం గొట్టంలో 0.9 గ్రాముల సాప్ సమంగా చల్లి, పైన పిస్టన్, దాని మీద బరువు పెడతాం. 4.83 కిలోపాస్కల్స్ కోసం పిస్టన్‌తో కలిపి 1.39 కిలోలు. గొట్టాన్ని ఉప్పునీళ్లలో తడిసిన ఫిల్టర్ పేపర్ మీద నిలిపితే సాప్ కింది నుంచి పీల్చుకుంటుంది. గంట తర్వాత తూచాలి.

ఒక సాప్‌కు సీఆర్‌సీ 40, బరువు కింద 10 వచ్చిందనుకోండి. ఇంకోదానికి 30, 22 వచ్చాయనుకోండి. చాలామంది 40 చూసి మొదటిది కొంటారు. నేనైతే రెండోదే తీసుకుంటాను. మొదటిది ఒంటరిగా ఉన్నప్పుడు బాగా ఉబ్బుతుంది, నొక్కగానే మెత్తటి ముద్దయి పక్క పలుకుల మధ్య సందులు మూసేస్తుంది. రెండోది బరువు మోస్తూనే ఉబ్బుతుంది, సందులు తెరిచి ఉంటాయి.

4. లెక్క కట్టండి

సీఆర్‌సీ 30 అనుకుందాం. కోర్‌లో వేసిన సాప్ అంతా పనిలోకి రాదు, మూలల్లో ఉన్నది పొడిగానే మిగులుతుంది. అందుకే మొదటి నమూనాకు 75 శాతమే లెక్కలోకి తీసుకుంటాను.

180 ÷ (30 × 0.75) = 8 గ్రాములు.

ఫ్లఫ్ కూడా పీలుస్తుంది కదా అని దాన్ని ఈ లెక్కలో కలపకండి. బరువు పడగానే పీల్చినదాంట్లో చాలా భాగం వదిలేస్తుంది. అది తాత్కాలికంగా పట్టుకుని సాప్‌కు అందించే చెయ్యి. ఇక్కడ 10 గ్రాముల ఫ్లఫ్ తీసుకుందాం. మొత్తం 18 గ్రాములు, అందులో సాప్ 44 శాతం. మొదటిసారి చేసేవాళ్లు సాప్‌ను సగానికి మించనీయకండి. ఆ పైన పీచుల దారులు తగ్గిపోతాయి, భారమంతా సాప్ నాణ్యత మీదే పడుతుంది.

5. ఫ్లఫ్‌ను విప్పండి

పల్ప్ షీట్‌ను చిన్న ముక్కలుగా చింపి హామర్ మిల్లులో విప్పాలి. మిల్లు లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా వేసి రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. బ్లేడు పదునుగా ఉంటే పీచు విడిపోదు, తెగుతుంది. తెగిన పొట్టి పీచు పొడిలా రాలి ఖాళీలను పూడ్చేస్తుంది.

సరిగ్గా విడిందో లేదో తేలిగ్గా చూడొచ్చు. గుప్పెడు ఫ్లఫ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గట్టి గడ్డలు కనబడితే ఇంకోసారి తిప్పండి, తెల్లటి ధూళి ఎగిరితే ఎక్కువ తిప్పేశారని అర్థం.

6. కోర్ పరచండి

పెట్టె అడుగున జాలీ మీద టిష్యూ పరిచి, కింద నుంచి వ్యాక్యూమ్ నెమ్మదిగా పెట్టండి. తర్వాత ఈ వరసలో:

- అడుగున 2 గ్రాముల ఉత్త ఫ్లఫ్. సాప్ పలుకులు గరుగ్గా ఉంటాయి, నేరుగా తగిలితే ఫిల్మ్‌కు చిల్లులు పెడతాయి.
- 1.5 గ్రాముల ఫ్లఫ్, పైన 2.5 గ్రాముల సాప్. ఇలా రెండు వరసలు.
- 1.5 గ్రాముల ఫ్లఫ్, పైన 1.5 గ్రాముల సాప్. ఇలా రెండు వరసలు.
- అన్నిటి పైన 2 గ్రాముల ఉత్త ఫ్లఫ్.

సాప్ కింద ఎక్కువ, పైన తక్కువ ఉండాలన్నదే ఈ వరసల ఉద్దేశం. పైనే ఎక్కువ ఉంటే మొదటి పోతకే అది ఉబ్బి మూతలా బిగుసుకుంటుంది, రెండో పోత పైనే నిలిచిపోతుంది. దీన్నే జెల్ బ్లాకింగ్ అంటారు.

సాప్‌ను చెంచాతో కుమ్మరించకండి. ఉప్పుడబ్బా లాంటి చిల్లుల డబ్బాతో అటూ ఇటూ కదుపుతూ చల్లండి. వ్యాక్యూమ్ ఎక్కువైతే పలుకులన్నీ అడుగుకు జారిపోతాయి, తగ్గించండి. చివరగా టిష్యూ అంచులు మడిచి కోర్‌ను చుట్టేయండి.

సమంగా పడిందో లేదో చూడటం: ఒక కోర్‌ను ఇందుకోసమే బలి ఇవ్వండి. 5 సెం.మీ. చొప్పున ఆరు ముక్కలు కోసి తూచండి. ఒక్కోటి 3 గ్రాముల దగ్గర రావాలి, పది శాతం తేడా వరకు పరవాలేదు. ఆ తర్వాత ఒక్కో ముక్కను సంచిలో పెట్టి ఉప్పునీళ్లలో నానబెట్టి, వేలాడదీసి మళ్లీ తూచండి. పొడి బరువులు సమంగా ఉండి తడి బరువులు తేడాగా వస్తే ఫ్లఫ్ సమంగా పడింది, సాప్ పడలేదు.

7. నొక్కండి

కోర్‌కు రెండు పక్కలా 4 మి.మీ. మందం ఉన్న బద్దీలు పెట్టి పైన పలకతో నొక్కండి. 300 చదరపు సెంటీమీటర్లలో 18 గ్రాములు 4 మి.మీ. మందానికి వస్తే సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 0.15 గ్రాములు. 0.1 నుంచి 0.2 మధ్య మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు.

నొక్కుడు తక్కువైతే పీచుల మధ్య ఖాళీలు పెద్దవై ద్రవం పాకదు, పడిన చోటే ఉంటుంది. ఎక్కువైతే ఖాళీలు మరీ చిన్నవై ద్రవం దూరం పాకగలిగినా లోపలికి దిగడానికి సమయం తీసుకుంటుంది. పైగా కోర్ అట్టలా గట్టిపడుతుంది. సన్నగా కనబడాలని గట్టిగా నొక్కడం చాలా మామూలుగా జరిగే తప్పు. నొక్కిన గంట తర్వాత మందం మళ్లీ కొలవండి, కోర్ కొంత పైకి లేస్తుంది. లెక్కకు తీసుకోవాల్సింది ఆ రెండో కొలత.

8. పొరలు కలపండి

కింద ఫిల్మ్, పైన కోర్, దాని మీద 7×20 సెం.మీ. ఏడీఎల్, అన్నిటి పైన టాప్‌షీట్. టేప్ అంచులకే వేయండి. మధ్యలో జిగురు పడితే అక్కడ ద్రవానికి గోడ కట్టినట్టే.

ఏడీఎల్ గురించి రెండు మాటలు. కొన్ని రకాల్లో ఒక వైపు ముతక పీచు, రెండో వైపు సన్న పీచు ఉంటుంది. ముతక వైపు పైకి ఉండాలి, ఎందుకంటే ద్రవం పెద్ద ఖాళీల నుంచి చిన్న ఖాళీల్లోకి తనంతట తాను లాగబడుతుంది. తిరగేస్తే ఎంత మంచి కోర్ అయినా టాప్‌షీట్ తడిగానే ఉంటుంది. రెండోది, ఏడీఎల్‌ను కోర్ అంచుల దాకా వేయకండి. పక్కలకు పాకిన ద్రవం అక్కడి నుంచే బయటికి పోతుంది.

టాప్‌షీట్‌ను విడిగా ఒకసారి పరీక్షించండి. దాన్ని చేసే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ సహజంగా నీటిని తీసుకోదు, పూత వల్లే తీసుకుంటుంది. ఫిల్టర్ పేపర్ల మీద టాప్‌షీట్ ముక్క పెట్టి 5 మి.లీ. పోయండి. కింది పేపర్లు మార్చి, అదే ముక్క మీద మళ్లీ, మళ్లీ పోయండి. మొదటిసారి రెండు మూడు సెకన్లలో దిగి, మూడోసారి చుక్కలు ముత్యాల్లా నిలబడితే పూత కొట్టుకుపోతోందన్న మాట. రాత్రంతా వాడే డైపర్‌కు ఆ షీట్ వద్దు.

9. మూడుసార్లు పోయండి

గొట్టమున్న పలకను కోర్ మధ్యలో పెట్టి, మొత్తం 1.7 కిలోలయ్యేలా బరువు సర్దండి. 60 మి.లీ. ఒకే ధారగా పోసి స్టాప్‌వాచ్ నొక్కండి. గొట్టంలో ద్రవం మాయమైన క్షణాన ఆపండి. పది నిమిషాలు ఆగి రెండోసారి, మళ్లీ పది నిమిషాలాగి మూడోసారి.

మొదటి సమయాన్ని చూసి సంతోషించకండి. పొడిగా ఉన్నప్పుడు ఏ కోర్ అయినా తీసుకుంటుంది. మూడో సమయమే మీ పనితనం చెబుతుంది. రెండోది మొదటిదానికన్నా, మూడోది రెండోదానికన్నా కొంత ఎక్కువ రావడం సహజం. మూడోది మొదటిదానికి మూడింతలు దాటితే నేను జెల్ బ్లాకింగ్‌ను అనుమానిస్తాను.

10. తడి వెనక్కి వస్తుందా?

మూడో పోత తర్వాత పది నిమిషాలాగి, పోసిన చోట ముందే తూచిన 10×10 సెం.మీ. ఫిల్టర్ పేపర్ల దొంతర పెట్టండి. పైన 4.9 కిలోలు, రెండు నిమిషాలు. తీసి తూచండి. పెరిగిన బరువే రీవెట్. నా బల్ల మీద 1 గ్రాము లోపు వస్తే మంచి కోర్ అంటాను. 5 గ్రాములు దాటితే ఆ డైపర్ చర్మానికి తడిగా తగులుతుంది, మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే.

దొంతరలో అన్నిటికన్నా పై కాగితం పొడిగా ఉండాలి. అది కూడా తడిసిందంటే కాగితాలు చాలలేదు, వచ్చిన అంకె తక్కువ చూపిస్తోంది. వాడిన కాగితాలను ఆరబెట్టి మళ్లీ వాడకండి, వాటిలో ఉప్పు మిగిలి ఉంటుంది.

11. ఎత్తి ఊపండి, తర్వాత కోయండి

తడి కోర్‌ను ఒక చివర పట్టుకుని పైకెత్తి పదిసార్లు ఊపండి. మధ్యలో తెగి కిందికి జారితే, పాకుతున్న పాప ఒంటి మీద కూడా అదే జరుగుతుంది. తెగిన చోట ద్రవం పాకే దారీ తెగిపోతుంది. పీచు పొట్టిగా ఉండటం, సాప్ వాటా మరీ ఎక్కువ కావడం దీనికి మామూలు కారణాలు. వేడికి కరిగి అంటుకునే బైకాంపోనెంట్ పీచు కొద్దిగా కలిపి వేడి గాలి పట్టిస్తే కోర్ కుదురుగా ఉంటుంది.

ఆ తర్వాత కత్తెరతో పొడవునా కోసి చూడండి. అంకెలు చెప్పనిది ఇక్కడ కనబడుతుంది.

చూసినదాన్ని బట్టి ఏం మార్చాలి

మధ్యలో గట్టి జెల్, చివర్లు పొడి: అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. ఇక్కడ సాప్ పెంచితే పరిస్థితి ఇంకా పాడవుతుంది. పోసే చోట సాప్ తగ్గించి చివర్ల వైపు సర్దండి. బరువు కింద ఎక్కువ పీల్చే సాప్‌కు మారండి. మెత్తటి పొడిలాంటి సాప్ అయితే 150 మైక్రాన్ల జల్లెడ పట్టి సన్న పలుకులు తీసేయండి, అవి ముందుగా ఉబ్బి సందులు మూస్తాయి. కొన్నిసార్లు కొంచెం నెమ్మదిగా పీల్చే సాప్ వల్ల మేలు జరుగుతుంది, ఎందుకంటే అది ఉబ్బేలోగా ద్రవం దూరం పాకుతుంది. సాప్ వేగం తెలియాలంటే 50 మి.లీ. ఉప్పునీళ్లను నిమిషానికి 600 చుట్లతో కలుపుతూ 2 గ్రాముల సాప్ వేసి, సుడి మాయమయ్యే దాకా ఎన్ని సెకన్లో చూడండి.

ద్రవం అంతటా పాకింది, కానీ రీవెట్ ఎక్కువ: ఇప్పుడు సాప్ చాలలేదన్నది నిజం. ఒక్కో గ్రాము పెంచుతూ వెళ్లండి.

కోర్ బాగుంది, టాప్‌షీట్ మాత్రం తడి: ఏడీఎల్ తిరగబడిందేమో, టాప్‌షీట్ పూత పోయిందేమో చూడండి. ఏడీఎల్, కోర్ మధ్య గాలి సందు ఉన్నా ఇలాగే అవుతుంది. పొరలు ఒకదానికొకటి తగిలి ఉంటేనే కింది పొర పై పొరను ఆరబెట్టగలదు.

ఒకసారికి ఒక మార్పే చేయండి. సాప్, సాంద్రత, ఏడీఎల్ మూడూ కలిపి మార్చి ఫలితం బాగొస్తే దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు. ప్రతి మార్పుకూ కనీసం ఐదు నమూనాలు చేయండి. చేత్తో చేసే కోర్‌లలో తేడాలు ఎక్కువ కాబట్టి ఒకటి రెండింటిని చూసి నిర్ణయం తీసుకోలేరు.

నెలసరి ప్యాడ్ అయితే

పై లెక్కను చిన్నది చేసి ప్యాడ్‌లో పెట్టకండి. నెలసరి స్రావంలో రక్తకణాలు, ప్రొటీన్లు, జిగట పదార్థం ఉంటాయి. రక్తకణాలు జెల్ లోపలికి పోలేవు, బయటే పేరుకుని పలుకుల చుట్టూ పొరలా కట్టుకుంటాయి. అందుకే ఉప్పునీళ్లలో 30 చూపిన సాప్ ఇక్కడ చాలా తక్కువ పీలుస్తుంది, నెమ్మదిగా పీలుస్తుంది. 2023లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు నెలసరి ఉత్పత్తులను ఉప్పునీళ్లకు బదులు మనిషి రక్తంతో పరీక్షించినప్పుడు, ప్యాకెట్ మీద చెప్పే సామర్థ్యానికీ నిజంగా పట్టేదానికీ తేడాలు కనబడ్డాయి.

పరిమాణం కూడా వేరు. చాలామందికి ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం 30, 40 మి.లీ. దగ్గర ఉంటుంది. 80 మి.లీ. దాటితే వైద్యులు ఎక్కువ స్రావం కింద లెక్కిస్తారు. కాబట్టి ఒక్క ప్యాడ్‌లో 100 మి.లీ. పట్టించాలని సాప్ నింపడం వృథా. పైభాగం పొడిగా ఉండటం, పక్కలకు కారకపోవడం, నడిచేటప్పుడు ముడుచుకోకపోవడం, వాడేవాళ్లు అడిగేది ఇవే. 4 గ్రాముల కోర్‌లో అర గ్రాము సాప్‌తో మొదలుపెట్టండి. కింది సగంలోనే చల్లండి.

పరీక్ష ద్రవంగా గ్లిజరిన్, నీళ్లు, ఉప్పు, చిక్కదనానికి కొద్దిగా కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ కలిపినది వాడొచ్చు. చిక్కదనం సరిపోతుంది గానీ అందులో కణాలుండవు. కాబట్టి చివరి నిర్ణయానికి ముందు గడ్డకట్టకుండా చేసిన జంతురక్తంతో, రక్తాన్ని పరీక్షించే సౌకర్యాలున్న ల్యాబ్‌లో చేయించాలి. పోసే తీరు కూడా మార్చండి. 60 మి.లీ. ధార కాదు, నిమిషానికి 2 మి.లీ. చొప్పున చుక్కలుగా. ప్యాడ్‌ను 45 డిగ్రీల వాలుగా పెట్టి ఇంకోసారి పోసి, కింది అంచు నుంచి ఎంత జారిందో తూచండి.

సాప్ వద్దనుకుంటే

మొక్కల పీచుతోనే చేయాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. చేయొచ్చు, కానీ కోర్ మందంగా వస్తుంది, బరువు కింద కొంత వదులుతుంది. తక్కువ స్రావానికి, తరచూ మార్చుకునే ప్యాడ్‌కు సరిపోతుంది. అరటి నార, కిత్తనార, వెదురు, ఏదైనా సరే, పచ్చి పీచును నేరుగా వాడితే ఫలితం రాదు. దాని మీది మైనం, లోపలి లిగ్నిన్ (పీచును గట్టిపరిచే పదార్థం) నీటిని దగ్గరికి రానీయవు. వాటిని తీసేయాలి. కిత్తనార ఆకు పీచులో లిగ్నిన్ తగ్గించి ప్యాడ్‌కు పనికొచ్చే పీల్చే పదార్థం చేయొచ్చని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో చూపించారు.

మీ పీచు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి ఔషధ ప్రమాణాల్లో దూదికి వాడే మునిగే పరీక్ష చాలు. సన్నటి రాగి తీగ బుట్టలో 5 గ్రాముల పీచు వదులుగా పెట్టి, 10 మి.మీ. ఎత్తు నుంచి 20 డిగ్రీల నీళ్లలోకి వదలండి. మంచి సర్జికల్ దూది 10 సెకన్లలోపు మునుగుతుంది, గ్రాముకు కనీసం 23 గ్రాముల నీళ్లు పట్టాలి. మీ పీచు నిమిషం తర్వాత కూడా తేలుతుంటే శుద్ధి మళ్లీ చేయాలి.

అమ్మే ముందు

ఇక్కడ చెప్పినవి కోర్ పనితీరును తెలిపే పరీక్షలు మాత్రమే. చర్మానికి హాని లేదని చెప్పడానికి పీహెచ్, సూక్ష్మజీవులు, సాప్‌లో పాలిమర్‌గా మారకుండా మిగిలిన మోనోమర్, చర్మంపై ప్రభావం లాంటి పరీక్షలు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మీ దేశపు ప్రమాణం ప్రకారం చేయించాలి. అవి లేకుండా తెలిసినవాళ్లకైనా వాడమని ఇవ్వకండి.

కొత్త సాప్ సంచీ వచ్చిన ప్రతిసారీ మూడో దశలోని పరీక్షలు మళ్లీ చేయండి. పాత సంచీ నుంచి 100 గ్రాములు గాలి చొరని డబ్బాలో, మీద తేదీ రాసి దాచండి. కొత్త సంచీతో ఫలితం తేడాగా వచ్చినప్పుడు అదే రోజు, అదే ఉప్పునీళ్లతో ఆ పాత సాప్‌ను కూడా పరీక్షించండి. పాతది తన పాత అంకెనే ఇస్తే లోపం కొత్త సంచీలో ఉంది. అదీ మారిపోతే మీ నీళ్లనో, తక్కెడనో, ఆ డబ్బా మూతనో చూసుకోవాలి.